ఒకే మెస్ లెక్క, నాలుగు ఆలోచనా పద్ధతులు



ప్రతి ఏడాది మన హాస్టల్ నుంచి కొందరు బీఎస్సీ కంప్యూటర్స్‌లోనో, బీసీఏలోనో, ఇంజినీరింగ్‌లోనో చేరుతున్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన మనవాళ్లకు మొదటి దెబ్బ లెక్కల దగ్గర తగలడం లేదు, మాటల దగ్గర తగులుతోంది. ప్రొసీజరల్, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్, ఫంక్షనల్, డిక్లరేటివ్ అనే మాటలు బోర్డు మీద పడగానే "ఇది మన వల్ల అయ్యే పని కాదు" అనిపిస్తుంది. తర్వాత చాలామంది చేసేది నిర్వచనాలు బట్టీ పట్టడం. దాంతో పరీక్ష గట్టెక్కవచ్చు. కానీ ఇంటర్వ్యూలో "ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏమిటి?" అని కాకుండా "అది ఎందుకు?" అని అడిగితే నోరు పెగలదు. ఆ "ఎందుకు" కోసమే పీజీ చదువుతున్న మేము ఈ వ్యాసం రాస్తున్నాం. కంప్యూటర్ చదవని మిత్రులకు కూడా అర్థం కావాలని మనకు బాగా తెలిసిన మెస్ లెక్కనే ఉదాహరణగా తీసుకున్నాం.

పారడైమ్ అంటే ఏమిటి?

పుస్తకాల్లో ఈ పద్ధతులన్నిటికీ కలిపి 'ప్రోగ్రామింగ్ పారడైమ్స్' అని పేరు. పారడైమ్ అనేది గ్రీకు నుంచి వచ్చిన మాట. నమూనా, అచ్చు అని అర్థం. ఇంటర్‌లో సంస్కృతం సెకండ్ లాంగ్వేజిగా తీసుకున్నవాళ్లకు రామ శబ్దం గుర్తుండే ఉంటుంది. రామః, రామౌ, రామాః అని ఒక్కటి నేర్చుకుంటే కృష్ణ, బాల వంటి మాటలన్నీ అదే అచ్చులో నడుస్తాయి. వ్యాకరణంలో అటువంటి నమూనానే ఇంగ్లిషులో పారడైమ్ అంటారు. 1962లో థామస్ కూన్ తన పుస్తకంలో ఈ మాటను సైన్సులోని ఆలోచనా చట్రాలకు వాడి బాగా ప్రచారంలోకి తెచ్చారు. 1978లో రాబర్ట్ ఫ్లాయిడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ చేసిన ప్రసంగానికి 'ప్రోగ్రామింగ్ పారడైమ్స్' అనే విషయాన్నే ఎంచుకున్నారు.

కాబట్టి పారడైమ్ అంటే లాంగ్వేజి కాదు. ఒక సమస్యను ఏ అచ్చులో పోసి ఆలోచిస్తాం అన్నదే పారడైమ్. రామ శబ్దం వచ్చినవాడికి కొత్త మాట భయం కలిగించనట్టే, పద్ధతి తెలిసినవాడికి కొత్త లాంగ్వేజి భయం కలిగించదు.

మన లెక్క

డివైడింగ్ సిస్టమ్ మెస్‌లో తిన్న సీనియర్లకు ఈ లెక్క కొత్త కాదు. నెల ఖర్చు మొత్తాన్ని అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. దాన్ని ఎవరి రోజులతో గుణిస్తే వాళ్ల బిల్లు వస్తుంది. సులువుగా ఉండేందుకు నలుగురినే తీసుకుందాం. వాళ్లు తిన్న రోజులు 30, 25, 20, 15. నెల ఖర్చు 5,400 రూపాయలు. ఈ లెక్కను కంప్యూటర్‌కు ఎన్ని రకాలుగా చెప్పవచ్చో చూద్దాం. కింద రాసిన మెట్లు ఏ ఒక్క లాంగ్వేజికీ చెందినవి కావు. ఆలోచన తెలియడానికి తెలుగులో రాసినవి.

1. ఆజ్ఞల పద్ధతి (ఇంపరేటివ్, ప్రొసీజరల్)

మొత్తం = 0
ప్రతి విద్యార్థికీ: మొత్తం = మొత్తం + అతని రోజులు
రేటు = 5400 ÷ మొత్తం
ప్రతి విద్యార్థికీ: బిల్లు = అతని రోజులు × రేటు

రెండో వరుస చూడండి. "మొత్తం = మొత్తం + రోజులు" అని లెక్కల పరీక్షలో రాస్తే మాస్టారు కొట్టేస్తారు. ఎందుకంటే గణితంలో అది సమీకరణం. ఇక్కడ అది ఆజ్ఞ. బ్లాక్‌బోర్డు మీద ఉన్న అంకెను చదువు, దానికి ఇది కలుపు, పాతది చెరిపి కొత్తది రాయి అని దాని భావం. అలా బోర్డు మీద 0 పోయి 30, అది పోయి 55, తర్వాత 75, చివరికి 90 వస్తుంది. రేటు 60 రూపాయలు. బిల్లులు 1800, 1500, 1200, 900. నాలుగూ కూడితే 5,400 సరిపోయింది.

కంప్యూటర్ లోపల మెమరీ కూడా ఇలాగే పనిచేస్తుంది. గడులుంటాయి, వాటిలో విలువలు చెరిపి రాస్తుంటాం. అందుకే ఈ పద్ధతి యంత్రానికి దగ్గరగా ఉంటుంది, వేగంగా నడుస్తుంది. 1957లో ఐబీఎం కంపెనీలో జాన్ బ్యాకస్ బృందం విడుదల చేసిన ఫోర్‌ట్రాన్, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన సి లాంగ్వేజి ఈ దారివే. లినక్స్ కెర్నెల్ నేటికీ చాలావరకు సి లోనే ఉంది.

తొలి రోజుల్లో ప్రోగ్రాంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా దూకడానికి 'గోటూ' అనే ఆజ్ఞ విరివిగా వాడేవారు. ప్రోగ్రాం పెద్దదయ్యేకొద్దీ ఏది ఎటు పోతోందో రాసినవాడికే తెలియని పరిస్థితి వచ్చేది. వరుసగా నడవడం, షరతును బట్టి దారి ఎంచుకోవడం, తిరిగి తిరిగి చేయడం అనే మూడింటితోనే ఏ ప్రోగ్రామైనా రాయవచ్చని 1966లో బోమ్, జకోపిని అనే ఇద్దరు ఇటలీ శాస్త్రవేత్తలు చూపించారు. 1968లో డైక్‌స్ట్రా గోటూ హానికరం అంటూ ఒక ప్రసిద్ధమైన లేఖ ప్రచురించారు. దీన్నుంచే స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ బలపడింది. పనిని చిన్న చిన్న ప్రొసీజర్లుగా విడగొట్టి రాయడం అలవాటైంది.

అయినా ఒక సమస్య మిగిలిపోయింది. బోర్డు అందరిదీ. పది ప్రొసీజర్లు అదే 'మొత్తం' మీద చెరిపి రాస్తుంటే, చివర్లో అంకె తప్పు వచ్చినప్పుడు ఎవరు తప్పు రాశారో పట్టుకోవడం కష్టం.

2. వస్తువుల పద్ధతి (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్)

దీనికి మన మెస్‌లో ఉన్న పరిష్కారమే ఉంది. హాజరు రిజిస్టరు ఒకరి దగ్గరే ఉంటుంది. ఎవరంటే వాళ్లు పెన్ను తీసుకుని అందులో రాయడానికి వీల్లేదు. "అన్నా, ఈ రోజు నా హాజరు వేయండి" అని అడగాలి, ఆయన సరిచూసి వేయాలి. డేటాను, దాని మీద పనిచేసే హక్కును ఒకేచోట కట్టి ఉంచడమే ఎన్‌క్యాప్సులేషన్. ఎందుకు అంటే, లెక్క తప్పితే వెతకాల్సిన చోటు ఒక్కటే అవుతుంది కాబట్టి.

విద్యార్థి అనే ఆబ్జెక్ట్:
 దాచుకున్నది: రోజులు
 అడగదగినవి: హాజరు వేయి, బిల్లు చెప్పు

ఇప్పుడు మెస్‌కు ఒక గెస్ట్ వచ్చాడనుకుందాం. గెస్ట్‌కు రోజుకు 100 రూపాయల స్థిరమైన రేటు. (ఆ డబ్బును నెల ఖర్చులోంచి తీసేసే సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.) గెస్ట్ కూడా మెస్ సభ్యుడిలాంటివాడే కాబట్టి పేరు, రోజులు వంటివి మళ్లీ రాయకుండా ఉమ్మడిగా తెచ్చుకుంటాం. అది ఇన్‌హెరిటెన్స్. "బిల్లు చెప్పు" అన్న ఒకే ప్రశ్నకు విద్యార్థి తన రోజులను 60తో గుణించి చెబుతాడు, గెస్ట్ 100తో గుణించి చెబుతాడు. అడిగేవాడికి ఎదుట ఉన్నది ఎవరో తెలియనక్కరలేదు. అది పాలిమార్ఫిజం.

ఈ ఆలోచన నార్వే దేశంలో పుట్టింది. నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు, బయటి ప్రపంచంలోని వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించి చూడడం కోసం సిములా 67 లాంగ్వేజిని రూపొందించారు. క్యూలో నిలబడిన మనిషి వంటివాటిని ప్రోగ్రాంలో విడివిడి వస్తువులుగా చూపడం వారికి అవసరమైంది. 1970ల్లో అమెరికాలో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో అలన్ కే బృందం స్మాల్‌టాక్‌తో దీన్ని ముందుకు తీసుకెళ్లింది. సిములా వాడి చూసిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో సి లాంగ్వేజికి క్లాసులు చేర్చే పని మొదలుపెట్టారు. అదే తర్వాత సి ప్లస్ ప్లస్ అయింది. 1995లో జావా వచ్చాక ఈ పద్ధతి ప్రతి కాలేజీ సిలబస్‌లోకీ చేరింది.

లోపం లేదా అంటే ఉంది. పది వరుసల్లో అయిపోయే లెక్కకు ఐదు క్లాసులు రాసే అలవాటు పడుతుంది. ఇన్‌హెరిటెన్స్ మీద ఇన్‌హెరిటెన్స్ పేర్చుకుంటూ పోతే, పైన ఒకటి మారిస్తే కింద ఏది కూలుతుందో తెలియదు.

3. ఫంక్షన్ల పద్ధతి (ఫంక్షనల్)

ఆబ్జెక్ట్ పద్ధతి డస్టర్‌ను ఒకరి చేతికిచ్చింది. ఫంక్షనల్ పద్ధతి అసలు డస్టరే వద్దంటుంది. ఒకసారి రాసింది చెరపకూడదు. కావాలంటే పక్కన కొత్తది రాసుకోవాలి.

రోజులు = [30, 25, 20, 15]
రేటు = 5400 ÷ కూడిక(రోజులు)
బిల్లులు = ప్రతిదానికీ వర్తింపు(రేటుతో గుణించు, రోజులు)

జవాబు [1800, 1500, 1200, 900] అనే కొత్త జాబితా. పాత జాబితా అలాగే ఉంటుంది. మరి చెరపకుండా కూడిక ఎలా? ఖాళీ జాబితా కూడిక 0. మిగతా ఏ జాబితాకైనా మొదటి అంకెకు మిగిలినవాటి కూడిక కలిపితే సరి. అంటే 30 + (25 + (20 + (15 + 0))) = 90. ఇలా ఒక పనిని అదే పని చిన్న రూపంతో చెప్పడాన్ని రికర్షన్ అంటారు.

ఇక్కడ ఫంక్షన్ అంటే మన ఇంటర్ గణితంలోని ప్రమేయమే. సైన్ 30 డిగ్రీలు ఎప్పుడు అడిగినా, ఎవరు అడిగినా సగమే. ఎంపీసీ చదివిన మిత్రులకు ఈ పద్ధతి నిజానికి సి కన్నా దగ్గరిది. 1930ల్లో అలొంజో చర్చ్ అనే గణితవేత్త తయారుచేసిన లాంబ్డా కాల్‌క్యులస్ దీనికి పునాది. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ లాంగ్వేజి పని మొదలుపెట్టారు. ఇదే మెకార్తీ దగ్గర స్టాన్‌ఫోర్డ్‌లో పరిశోధన చేసి 1966లో పీహెచ్‌డీ పొందిన డాక్టర్ రాజ్ రెడ్డి మన తెలుగువారే. చిత్తూరు ప్రాంతంలోని కాటూరులో రైతు కుటుంబంలో పుట్టి, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వ్యక్తి ఆయన. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇంటి నుంచి మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మన హాస్టల్లో చాలామందిమి ఉన్నాం, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం.

ఇంకో విశేషం ఏమిటంటే, ఫోర్‌ట్రాన్ సృష్టికర్త బ్యాకసే 1977 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, ఒక్కో గడిని చెరిపి రాసే పద్ధతి ప్రోగ్రామర్ల ఆలోచనను కట్టిపడేస్తోందని విమర్శించి, ఫంక్షనల్ దారిని సూచించారు.

దీని లాభం ఎక్కడ కనబడుతుంది? బోర్డు మీద 90 ఉందనుకోండి. ఇద్దరు మెస్ సెక్రటరీలు ఒకేసారి వచ్చి 90 అని చదువుకున్నారు. ఒకరు 10 కలిపి 100 అని రాశారు. రెండోవారు తాను చదివిన 90కి 5 కలిపి 95 అని రాశారు. ఉండాల్సింది 105. మొదటివారి 10 రోజులు గల్లంతు. ఇద్దరూ లెక్క సరిగానే చేశారు, బోర్డు ఒక్కటే కావడంతో తప్పు వచ్చింది. నేటి ఫోన్లలో కూడా ఒకటికి మించి ప్రాసెసర్ కోర్లు ఒకేసారి పనిచేస్తున్నాయి కాబట్టి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చెరపడమే లేనప్పుడు ఈ గొడవ రాదు. ఎవరి జాబితా వాళ్లు కూడి, చివర్లో జవాబులు కలుపుకుంటే చాలు. 2004లో గూగుల్ ఇంజినీర్లు జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ ప్రచురించిన మ్యాప్‌రెడ్యూస్ పద్ధతి, వేల కంప్యూటర్లకు పని పంచడానికి లిస్ప్‌లోని ఈ ఆలోచననే ఆధారం చేసుకుంది.

ఇబ్బంది ఏమిటంటే, ప్రపంచంలో కొన్ని నిజంగానే మారతాయి. బిల్లు ప్రింట్ కావాలి, ఖాతాలో డబ్బు తగ్గాలి. అందుకని హస్కెల్ వంటి లాంగ్వేజిల్లో ఆ మార్పులను వేరుగా గుర్తుపెట్టి రాస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది కొంత కష్టంగా ఉంటుంది.

4. 'ఏమి కావాలో చెప్పు' పద్ధతి (డిక్లరేటివ్)

వార్డెన్ గారు "20 రోజులు, అంతకన్నా ఎక్కువ తిన్నవాళ్ల పేర్లు రాసుకురండి" అంటారు. రిజిస్టరు ఏ పేజీ నుంచి తిప్పాలో చెప్పరు. అది మన పని. డేటాబేస్‌లను అడిగే ఎస్‌క్యూఎల్ ఇలాంటిదే.

పేరు ఎంచు
విద్యార్థుల పట్టిక నుంచి
రోజులు 20కి తగ్గకుండా ఉన్నచోట

ఇందులో లూప్ లేదు, 'మొత్తం = 0' లేదు. ఎలా వెతకాలో డేటాబేసే నిర్ణయించుకుంటుంది. 1970లో ఐబీఎంలో కాడ్ అనే శాస్త్రవేత్త డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించారు. దాని మీద 1974లో చాంబర్లిన్, బోయ్స్ రూపొందించిన లాంగ్వేజి నేటి ఎస్‌క్యూఎల్ అయింది.

దీనికి దగ్గరిదే లాజిక్ ప్రోగ్రామింగ్. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో అలాన్ కాల్మరోవర్ బృందం ప్రోలాగ్ తయారుచేసింది. ఇందులో నిజాలు, నియమాలు మాత్రమే చెబుతాం. "రాముది 12వ గది, సోముది 12వ గది. ఇద్దరిదీ ఒకే గది అయితే వాళ్లు రూమ్మేట్లు." ఇక "రాము రూమ్మేట్ ఎవరు?" అని అడగవచ్చు, "రాము, సోము రూమ్మేట్లేనా?" అనీ అడగవచ్చు. నియమం ఒక్కటే, ప్రశ్నలు చాలా.

కానీ 'ఎలా' అనేది మన చేతిలో లేకపోవడం వల్ల, లక్షల వరుసలున్న పట్టికలో సరైన ఇండెక్స్ లేకపోతే చిన్న ప్రశ్నకే గంటలు పట్టవచ్చు. అప్పుడు లోపలి సంగతి తెలిసినవాడే కావాల్సి వస్తాడు.

ఏది గొప్పది?

చర్చ్ పద్ధతి, ట్యూరింగ్ యంత్రం రెండూ లెక్కించగలిగేవి ఒకటేనని 1936-37 నాటికే తేలిపోయింది. అంటే సి తో చేయగల లెక్క ఏదైనా హస్కెల్‌తోనూ చేయవచ్చు. కాబట్టి శక్తిలో తేడా లేదు. తేడా ఎక్కడంటే, ప్రతి పద్ధతీ మన దగ్గర నుంచి ఒక స్వేచ్ఛను తీసుకుని ఒక భరోసాను ఇస్తుంది. స్ట్రక్చర్డ్ పద్ధతి ఇష్టం వచ్చిన చోటికి దూకే స్వేచ్ఛ తీసుకుంది, ప్రోగ్రాంను పైనుంచి కిందికి చదవగల భరోసా ఇచ్చింది. ఆబ్జెక్ట్ పద్ధతి ఎవరి డేటానైనా తాకే స్వేచ్ఛ తీసుకుంది, తప్పు ఎక్కడుందో వెతికే చోటు తగ్గించింది. ఫంక్షనల్ పద్ధతి చెరిపే స్వేచ్ఛ తీసుకుంది, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు అన్న భరోసా ఇచ్చింది. డిక్లరేటివ్ పద్ధతి దారిని ఎంచుకునే స్వేచ్ఛ తీసుకుంది, కావలసింది సూటిగా చెప్పే వీలు ఇచ్చింది. "ఎందుకు?" అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవడానికి ఒక పరీక్ష కూడా ఉంది. మన ప్రోగ్రాంలో రేపు పెరిగేది ఏమిటి? విద్యార్థి, గెస్ట్‌తో పాటు 'మెస్ వర్కర్' అనే కొత్త రకం మనిషి వస్తే, ఆబ్జెక్ట్ పద్ధతిలో ఒక కొత్త క్లాసు రాస్తే చాలు, పాతవి కదపనక్కరలేదు. అదే బిల్లుతో పాటు 'రసీదు ప్రింట్' అనే కొత్త పని వస్తే ప్రతి క్లాసునూ తెరిచి రాయాలి. ఫంక్షనల్ పద్ధతిలో ఇది తలకిందులు. కొత్త పని వస్తే ఒక ఫంక్షన్ చాలు, కొత్త రకం మనిషి వస్తే ప్రతి ఫంక్షన్‌నూ తెరవాలి. 1998లో ఫిలిప్ వాడ్లర్ దీనికి 'ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లమ్' అని పేరు పెట్టారు. ఈ ఒక్కటి అర్థమైతే ఏ పద్ధతినీ గుడ్డిగా పొగడం, తిట్టం.

నేటి లాంగ్వేజిలు కూడా ఏ ఒక్క పద్ధతికో కట్టుబడి లేవు. ఆబ్జెక్ట్ పద్ధతికి మారుపేరైన జావాలోకే 2014లో వచ్చిన ఎనిమిదో వెర్షన్‌తో లాంబ్డాలు చేరాయి. 1991లో వచ్చిన పైథాన్‌లో మనం చెప్పుకున్న మొదటి మూడు పద్ధతుల్లోనూ రాయవచ్చు. ఇప్పుడు ఏఐ టూల్స్ అడగగానే కోడ్ రాసిస్తున్నాయి. అది ఇచ్చిన కోడ్ ఏ పద్ధతిలో ఉంది, మన అవసరానికి సరిపోతుందా, ఎక్కడ తప్పవచ్చు అని చూడగలిగే మనిషికి అవసరం తగ్గలేదు. అది బట్టీ పట్టిన నిర్వచనంతో వచ్చేది కాదు.

తమ్ముళ్లకు ఒక మాట

"మాకు లాప్‌టాప్ లేదన్నా, ఎలా నేర్చుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ తెల్లకాగితం మీద చేసినవే. మీరూ ఒక లెక్క తీసుకోండి. బియ్యం స్టాకు కావచ్చు, లైబ్రరీ పుస్తకాలు కావచ్చు. దాన్ని నాలుగు రకాలుగా రాయండి. ఏ అంకె ఎప్పుడు మారుతోందో పక్కన గీతలు గీసి చూసుకోండి. ముందు తెలుగులో ఎందుకో చెప్పగలిగితే, ఇంగ్లిషులో చెప్పడం నాలుగు రోజుల అభ్యాసం. ఎందుకో తెలియకుండా ఇంగ్లిషు నేర్చుకుంటే అది మళ్లీ బట్టీయే. తర్వాత ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు, దొరికే ఆ గంటలో ఆలోచించడం కాదు, టైపు చేసి సరిచూసుకోవడమే మిగులుతుంది.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఒక విన్నపం. పండక్కి ఊరికి వచ్చినప్పుడు ఒక పూట హాస్టల్‌కు రండి. మీ ఆఫీసులో ఏ పద్ధతి వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో స్టడీ హాల్లో ఒక గంట చెప్పండి. మాకు పుస్తకంలో దొరకనిది అదే. మేము ఆదివారాలు సాయంత్రం స్టడీ హాల్లోనే ఉంటున్నాం. సందేహం ఉన్న తమ్ముళ్లు నోట్‌బుక్, పెన్ను తీసుకుని రావచ్చు, మొదటి లెక్క ఈ మెస్ బిల్లుతోనే మొదలుపెడదాం.